‘సరిపోద్ది’ అనని మనిషి

మా మావయ్యగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. మావారు ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "నాన్నగారు లేరు" అన్నారు. నా ఎదురుగా టెస్ట్ బెంచి మీద నాలుగు ఇంజెక్టర్లు నడుస్తున్నాయి. వాటి కింద నాలుగు గాజు గొట్టాల్లోకి ద్రవం దిగుతోంది. పరీక్ష పూర్తవడానికి ఇంకా ఇరవై సెకన్లున్నాయి. నేను మెషీను ఆపలేదు. గొట్టాలు నిండాక పీట మీద కూర్చుని నాలుగింటి మట్టమూ చూసి, పుస్తకంలో రాసి, అప్పుడు షట్టర్ దించాను.

ఇది తెలిసి మా చుట్టాల్లో ఒకావిడ, మామగారు పోతే కోడలు మెషీను ముందు కూర్చుందట అని నలుగురి దగ్గరా అందట. అననివ్వండి. సగంలో ఆపిన కొలత అసలు కొలవనిదానికంటే చెడ్డదని నాకు నేర్పినది ఆయనే. ఆవిడకి ఆయన మామగారు కాదు, గురువూ కాదు. నాకు రెండూను.

రాజమండ్రిలో మోరంపూడి దగ్గర మా షెడ్డు. ఊళ్ళో ఆయన్ని అందరూ పంపు మేస్త్రీ గారనేవారు. కుర్రతనంలో లారీల డీజిల్ పంపులు బాగుచేయడంతో మొదలుపెట్టి, గోదావరి మీద తిరిగే లాంచీల ఇంజిన్లు, పొలాలకు నీళ్ళు తోడే ఇంజిన్లు చూసి, చివరికి పెట్రోలు కార్ల ఇంజెక్టర్ల దగ్గరికి వచ్చి ఆగారు. ఇంజెక్టర్ అంటే వేలెడంత వస్తువు. ఇంజిన్‌లోకి పెట్రోలును తుంపరగా చిమ్ముతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు నాలుగు ఇంజెక్టర్లు ఉంటాయి, నాలుగూ ఒక్కలా చిమ్మాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే ఇంజిన్ పాడవుతుంది. దీన్ని మావయ్యగారు, "ఇంజిన్‌లో పంక్తిభేదం పనికిరాదమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పేవారు. నాకు ఇంజనీరింగ్ కాలేజీలో ఇదే సంగతి చెప్పడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

ఆయన పనిచేసే తీరు చూడ్డానికి చాదస్తంలా ఉండేది. బెంచి ముందు చెక్కపీట వేసుకుని కూర్చునేవారు. నిలబడి చూస్తే గాజు గొట్టంలో మట్టం ఉన్నదానికంటే వేరుగా కనిపిస్తుందని, కన్ను మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలని ఆయన పట్టు. గొట్టాలు నిండుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. కలెక్టరుగారు వచ్చినా గుమ్మంలో నిలబడాల్సిందే. కొలత కుదిరిన నాలుగు ఇంజెక్టర్లనూ పాత పంచె ముక్క మీద పేర్చి, ఒక్కొక్క దానికీ తెల్ల దారం కట్టేవారు. మొదటి సిలిండర్‌కు వెళ్ళేదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అలా నాలుగు వరకూ. దారం ఉంటే ఆ ఇంజెక్టర్ ఆయన చేతి మీదుగా వచ్చిందని లెక్క. నాకు ఆ ముళ్ళు వేయడం నేర్పినప్పుడు, "మావాడు నీకు ఒక్కసారి మూడు ముళ్ళేశాడు, నువ్వు రోజూ మూడో సిలిండర్‌కి వేస్తున్నావు" అని నవ్వారు.

ఒక్క మాటంటే మాత్రం ఆయనకు ఒళ్ళు మండేది. ‘సరిపోద్ది’ అన్న మాట. మా వైపు ఈ మాట అననివాళ్ళు లేరు. తాపీ పనివాళ్ళు, టైలర్లు, పెళ్ళి వంటవాళ్ళు, అందరిదీ అదే పాట. షెడ్డులో ఎవరైనా అంటే ఆయన పని ఆపి తలెత్తి చూసేవారు. "పులుసులో ఉప్పు సరిపోద్దంటే ఒప్పుకుంటాను. ఇక్కడ అనకండి" అనేవారు. ఎందుకంత కోపమో చాలాకాలం నాకు తెలియదు.

నేను చదివింది మెకానికల్. పెళ్ళికి ముందు చెన్నైలో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో రెండేళ్ళు చేశాను. పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. ఇల్లు తుడవడంలో నేను ఎంత అధ్వాన్నమో మావయ్యగారు వారంలోనే గ్రహించి, పదో రోజున నన్ను షెడ్డుకు తీసుకెళ్ళారు. ఆయన ఇంజెక్టర్లు కొలిచేవారు, నేను లాప్‌టాప్ పెట్టి కారు కంప్యూటర్‌లోని లెక్కలు మార్చేదాన్ని. కార్లకు టర్బోలు, పెద్ద సైలెన్సర్లు బిగించుకునేవాళ్ళు మెల్లగా మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆయనకు మొదట ఇది నచ్చలేదు. "కంపెనీవాడిచ్చిన హార్స్‌పవర్ చాలదా వీళ్ళకి? అన్ని గుర్రాలకీ మేత ఎవరు పెడతారు?" అనేవారు. కాసేపాగి, "మనమే పెట్టాలి కాబోలు" అని పీట ముందుకు జరుపుకునేవారు.

కోడలి చేత కార్లు బాగుచేయిస్తున్నాడని బజార్లో అనుకునేవాళ్ళు అనుకున్నారు. ఆయన చెవిన పెట్టేవారు కాదు. నేను మాత్రం ప్రతి మాటా ఏరుకొచ్చి మనసులో పెట్టుకునేదాన్ని. నా చేతిలో ఒక్క పని చెడితే చాలు, అందరూ అన్నదే నిజమవుతుందని భయం. ఆ భయమే ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది. మావయ్యగారి గురించి రాయమంటే నేను రాయగలిగింది ఆ మధ్యాహ్నం గురించే.

జంగారెడ్డిగూడెం నుంచి ఒక పామాయిల్ రైతు తన ఎర్ర కారు తెచ్చారు. చిన్న పెట్రోలు కారు, దానికి టర్బో బిగించుకున్నారు. టర్బో ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కావాలి, అందుకు పెద్ద ఇంజెక్టర్లు కావాలి. కొత్తవి దొరక్క, పాత కార్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర పన్నెండు తెప్పించాం. పన్నెండింటి మీదా ఒకటే నంబరు, ఒకటే రంగు. మావయ్యగారు మూడు రోజులు వాటిని కడిగి, కొలిచి, మళ్ళీ కడిగి, మళ్ళీ కొలిచి, చివరికి నాలుగు ఏరి ముళ్ళు వేశారు. మిగిలిన ఎనిమిదీ సొరుగులోకి పోయాయి. ఆ కారును మొదటి నుంచి చివరి దాకా నేనొక్కదాన్నే బిగించి ట్యూన్ చేస్తానన్నాను. ఆయన సరేనని, ఆ రోజు పెద్దాపురంలో చుట్టాల గృహప్రవేశం ఉంటే వెళ్ళారు.

మొదటిది బిగించాను. రెండోది చేతిలో జారి సిమెంటు నేల మీద పడింది. తీసి చూస్తే మొన వంగి ఉంది. ఆ కారు రైతు బయట బల్ల మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో, సాయంత్రానికి వచ్చేస్తానని చెబుతున్నారు. జరిగింది ఆయనకు చెబితే మళ్ళీ ఇంజెక్టర్లు తెప్పించాలి, మళ్ళీ మూడు రోజులు కొలవాలి. బజారంతా పాకుతుంది. నేను సొరుగు లాగి, అందులోంచి ఒకటి తీసి, దానికి దారం కట్టి రెండు ముళ్ళు వేశాను. పడినదాని దారం కత్తిరించి బుట్టలో పారేసి, దాన్ని సొరుగులో పెట్టాను, లెక్క తగ్గకుండా. ఎవరూ చూడలేదు. ఇంజెక్టర్ జారిపడటం ఎవరికైనా జరుగుతుంది. ఆ రెండు ముళ్ళు తీరిగ్గా, అందంగా వేశాను చూడండి, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంజిన్ చక్కగా స్టార్టయింది. పొగ గొట్టంలో పెట్టిన మీటరు గాలికి, పెట్రోలుకు లెక్క సరిగ్గా ఉందని చూపించింది. మొదట కొంచెం తేడా చూపిస్తే లాప్‌టాప్‌లో దిద్దాను, సరైపోయింది. ఇక్కడే నాకు బుద్ధి పనిచేయాల్సింది. ఆ మీటరుకు వచ్చేది నాలుగు సిలిండర్ల పొగా కలిసిపోయిన పొగ. ఒక సిలిండర్‌కు పెట్రోలు తక్కువైతే, నేను దిద్దినప్పుడు కారు కంప్యూటర్ మిగతా మూడింటికీ కాస్త ఎక్కువ పోసి, సగటు మాత్రం సరిచేసుకుంటుంది. మీటరు సంతోషంగానే ఉంటుంది, ఆ ఒక్క సిలిండర్ కాలిపోతుంటుంది. ఇది నాకు తెలియనిదేం కాదు, నేనే పరీక్షల్లో రాశాను. ఆ రోజు తెలుసుకోదలచుకోలేదు.

చివరిగా రోడ్డు మీద పరీక్ష ఉంటుంది. దేవరపల్లి దాటాక ఖాళీ రోడ్డు చూసుకుని, మూడో గేరులో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి, ఇంజిన్ లెక్కలు ఫోన్లో రికార్డు చేసి నాకు పంపమని రైతుతో చెప్పాను. మధ్యలో ఫోన్ వస్తే రికార్డు తెగిపోతుందండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి అని కూడా చెప్పాను. ఆయన నా ఎదురుగానే పెట్టుకున్నారు. వాళ్ళమ్మగారు కంటి ఆస్పత్రికి వచ్చారని, ఆవిడను ఎక్కించుకుని వెళ్తానని చెప్పి బయలుదేరారు.

మావయ్యగారు వచ్చేసరికి ఆ కారు వెళ్ళి అరగంటయింది. గృహప్రవేశం బూరెలు స్టీలు డబ్బాలో తెచ్చారు నాకోసం. కారు ఎలా నడిచిందని అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాను. ఆయన చొక్కా మార్చుకుని, అలవాటుగా బెంచి కింద తుడవడం మొదలుపెట్టారు. నేను బూరె తింటున్నాను. కాసేపటికి చీపురు చప్పుడు ఆగింది.

"అమ్మా, ఈ రెండు ముళ్ళ దారం బుట్టలో ఎందుకుంది?"

పాతదండి అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ముఖం చూసి అనలేకపోయాను. కింద పడిందండి, సొరుగులోది పెట్టాను అన్నాను. ఆయన సొరుగు దగ్గరికి వెళ్ళలేదు. దాన్ని తెరవాల్సిన అవసరం ఆయనకు లేదు, ఆ ఎనిమిదీ ఎంతెంత పోస్తాయో ఆయనకు నోటికి వచ్చు.

"అందులో మంచిది కూడా మిగతావి వంద పోస్తే తొంభై పోస్తుంది. బండెక్కడుంది?"

చెప్పాను. ఫోన్ సంగతీ చెప్పాను. దేవరపల్లి దాటాక తొక్కమన్నాననీ ఒప్పుకున్నాను. పెట్రోలు తక్కువైన సిలిండర్‌లో టర్బో గాలితో అంత బలంగా తొక్కితే పిస్టన్ కరిగిపోతుంది. ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ రోడ్డు మీద ఎవరైనా బలంగా తొక్కేది లారీని దాటేటప్పుడే. ఎదురుగా ఇంకో లారీ వస్తుండగా కారు మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఎందుకు చేశావని ఆయన అడగలేదు. షట్టర్ దింపకుండానే ప్లగ్గు స్పానర్ జేబులో వేసుకుని, స్కూటర్ తియ్యమన్నారు.

నేను నడుపుతున్నాను, ఆయన వెనక కూర్చుని ఫోన్లు చేస్తున్నారు. రైతుకు చేశారు, కలవలేదు. దేవరపల్లి జంక్షన్‌లో లారీ టైర్లకు పంక్చర్లు వేసే ఒకాయన ఉన్నారు, మావయ్యగారికి పాత స్నేహం. ఆయనకు చేశారు. "ఎర్ర కారు అటొస్తుందయ్యా. ఆపు. ఎలా ఆపుతావో నాకు తెలీదు, తిడితే పడు, ఆపు" అన్నారు. పంక్చర్ షాపాయన తను ఇంతసేపూ లోపల పనిలో ఉన్నానని, ఆ కారు ఈసరికే వెళ్ళిపోయిందో లేదో చెప్పలేనని అన్నారట. మావయ్యగారు నాకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పారు. ధైర్యం చెప్పడానికి ఏమీ కలపలేదు.

వంతెన ఎక్కితే మధ్యలో ఒక బస్సు ఆగిపోయి ఉంది. రెండు వైపులా బండ్లు నిలిచిపోయాయి. కింద గోదావరి, పక్కన కమ్మీలు, ముందు ఆటోల వరస. నేను హారన్ మీద చెయ్యి తీయకుండా కొడుతున్నాను. మావయ్యగారు దిగి, బండ్ల మధ్య నడుస్తూ, "కొంచెం దారివ్వండి బాబూ, కొంచెం జరగండమ్మా" అని ఒక్కొక్కరినీ బతిమాలుతూ నాకు దారి చేశారు. అరవై దాటిన మనిషి, అప్పటికే గుండెకు మందులు వాడుతున్నారు. ఎండలో ఆయన తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఆ చొక్కా వెనకాలే నేను స్కూటర్ తోసుకుంటూ వెళ్ళాను. ఆ కారులో వాళ్ళమ్మగారు కూడా ఉంటారన్న సంగతి నాకు అక్కడ గుర్తొచ్చింది. ఆయనతో చెప్పాను. ఆయన నడక ఇంకా పెంచారు.

కొవ్వూరు దాటాక బండి ఆపి మళ్ళీ ఫోన్ చేశారు. ఎర్ర కారు ఇంకా రాలేదని పంక్చర్ షాపాయన చెప్పారు. రాలేదంటే వెనక ఉండాలి, లేదా ముందే దాటిపోయి ఉండాలి. దారిలో ఎక్కడా మాకు కనిపించలేదు. నేను ఏడుస్తూ నడుపుతున్నాను. కళ్ళజోడు మసకబారి రోడ్డు కనిపించకపోతే తుడుచుకోవడానికి ఆపాను. అప్పుడు మావయ్యగారు వెనకనుంచి అన్నారు.

"అక్కడ నేను చెప్తే పెద్దాయన కదా అని ఊరుకుంటారు. నువ్వు చెప్పు. నువ్వు చెప్తేనే రేపు నీ మాట నమ్ముతారు."

దేవరపల్లి జంక్షన్‌లో రోడ్డుకు అడ్డంగా లారీ టైరు ఒకటి పడుకోబెట్టి ఉంది. దాని ముందు ఎర్ర కారు. ఆస్పత్రిలో ఆలస్యమై, కొవ్వూరు ఊరి లోపలి దారిన వచ్చి, మా కంటే పది నిమిషాల ముందే చేరిందట. రైతు పంక్చర్ షాపాయన మీద కేకలేస్తున్నారు. ముందు సీట్లో కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న ముసలావిడ కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. నేను స్కూటర్ స్టాండు వేయలేకపోయాను, అది పక్కకు పడిపోయింది. అలాగే వదిలేసి వెళ్ళి చెప్పాను. జారిపడిందని, దాచానని, వేరేది పెట్టి ముళ్ళు వేశానని, తొక్కి ఉంటే ఏమయ్యేదో, అన్నీ చెప్పాను. మావయ్యగారు నా పక్కన నిలబడ్డారు.

రైతు నన్ను కాకుండా ఆయన్నే చూసి, "కోడలికి షాపు అప్పజెప్పారు, బానే ఉంది. మా ప్రాణాలు కూడా అప్పజెప్పారా అండి?" అన్నారు.

"అప్పజెప్పానండి. ఇకముందు కూడా ఆ అమ్మాయే చూస్తుంది" అన్నారు మావయ్యగారు. తర్వాత, కొవ్వూరు దాటాక ఎక్కడైనా తొక్కారా అని అడిగారు. ఒక్కసారి, కొంచెంసేపు, బానే లాగింది అన్నారు రైతు. మావయ్యగారు బానెట్ ఎత్తి, చేతులు కాలుతున్నా లక్ష్యపెట్టకుండా రెండో సిలిండర్ స్పార్క్ ప్లగ్గు విప్పారు. దాని మొన ఎముకలా తెల్లగా ఉంది. దాని మీద ఉప్పు రేణువంత మెరుపు ఒకటి అంటుకుని ఉంది. అది పిస్టన్ లోహం. కరగడం అప్పటికే మొదలైందన్నమాట. ఆ ప్లగ్గును రైతు అరచేతిలో పెట్టి ఆ మెరుపు చూపించారు. రైతు దాన్ని చాలాసేపు చూశారు. ఆ తర్వాత మళ్ళీ గొంతు పెంచలేదు. ముసలావిడ మాత్రం నన్ను పిలిచి, ఏడుపు చాల్లే, ముందు మజ్జిగ తాగమన్నారు.

కారును బండి మీద ఎక్కించి షెడ్డుకు పంపి, వాళ్ళిద్దరినీ ఇంకో కారులో ఊరికి పంపాక మేము వెనక్కి బయలుదేరాం. కొవ్వూరులో ఒక చెరుకురసం బండి దగ్గర ఆపమన్నారు. గ్లాసు తీసుకుంటే రసం చొక్కా మీద ఒలికింది. రెండు చేతులతో పట్టుకున్నారు, అయినా ఒలికింది. గ్లాసు నేను పట్టుకుంటే నాలుగు గుక్కలు తాగి, "నాకు చాలా భయమేసిందమ్మా" అన్నారు. మళ్ళీ అన్నారు, అదే మాట. తర్వాత నెమ్మదిగా, పాతికేళ్ళ వయసులో తను చేసిన పని చెప్పారు. ఒక లాంచీ పంపు కొలత కుదరకపోతే, సరుకు వెళ్ళాలని ఓనరు తొందరపెడితే, సరిపోద్దని బిగించి పంపేశారట. వరద గోదావరిలో నడిమధ్య ఇంజిన్ ఆగిపోయింది. లాంచీ కొట్టుకుపోయి ఇసుక దిబ్బకు తగులుకుంది కాబట్టి మనుషులు బతికారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యగారికి కూడా తెలియదట. ఓనరు ఇంజిన్ పాతదని సరిపెట్టుకున్నాడు, ఈయన నోరు మూసుకున్నారు.

"నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. నీకా గతి పట్టకూడదనే లాక్కొచ్చాను" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. ఇంకో పన్నెండు ఇంజెక్టర్లు తెప్పించి, నన్నే కొలవమన్నారు. నువ్వు కొలిచినదాన్ని నేను మళ్ళీ చూడనని చెప్పి, అన్నట్టే వీధిలోకి కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చున్నారు. నాలుగు రోజులు నేను ఆ పీట మీదే ఉన్నాను. నాలుగు కుదిరాయనుకున్నాక మళ్ళీ కొలిచాను, భోంచేసి వచ్చి మళ్ళీ కొలిచాను. ఆయన లోపలికి తొంగి చూస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో. చూడలేదు. దారాలు నేనే కట్టాను. ఒక్కొక్క ముడీ వేస్తుంటే వేళ్ళు చెమటకు జారాయి.

బండి సిద్ధమయ్యాక రైతు వచ్చారు. మీలో ఎవరైనా కారులో కూర్చుంటేనే తొక్కుతానన్నారు. న్యాయమే. నేను లాప్‌టాప్ పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. మావయ్యగారు వెనక తలుపు తీసుకుని ఎక్కారు. వేగంగా నడిచే బండ్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పిన మనిషి. వద్దండి మావయ్యగారూ అన్నాను. "నువ్వు కొలిచిన బండేగా" అని బెల్టు పెట్టుకున్నారు.

దేవరపల్లి దాటాం. పంక్చర్ షాపాయన చెయ్యి ఊపారు. రోడ్డు ఖాళీ అయ్యేదాకా రెండు లారీలను ముందుకు పోనిచ్చి, రైతు నా వైపు చూశారు. మీటరు చూస్తే అది ఏం చెబుతుందో నాకు తెలుసు, అది ఆ రోజు కూడా బానే ఉందని చెప్పింది. ఇప్పుడు నమ్మాల్సింది నా కొలతను. తొక్కండి అన్నాను. కారు ముందుకు ఉరికింది. వీపు సీటుకు అదుముకుపోయింది. టర్బో ఈల పెరుగుతోంది, ఇంజిన్ వేగం చూపే ముల్లు పైకి లేస్తోంది. అప్పుడు వెనకనుంచి ఆయన చెయ్యి వచ్చి, నా భుజం పక్కన సీటు అంచు పట్టుకుంది. గట్టిగా. ఆ పట్టు సీటులోంచి నా వీపుకు తెలుస్తోంది. నాలుగు వేలు, అయిదు వేలు, ఆరు వేలు. ఎక్కడా తడబాటు లేదు. నాలుగు సిలిండర్ల చప్పుడూ కలిసి ఒకటే చప్పుడైంది. అది వింటూ నేను మిగతావన్నీ మర్చిపోయాను. రైతు కాలు తీశాక, కారు నెమ్మదించాక, రికార్డంతా చూసుకుని చెప్పడానికి వెనక్కి తిరిగాను. ఆయన కిటికీలోంచి చెట్లను చూస్తూ కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. సీటు మీద చెయ్యి ఎప్పుడు తీసేశారో నాకు తెలియలేదు.